రెండేళ్ల పీజీలో ఇమడని సేంద్రియ సేద్యం

మొన్న ఒక జూనియర్ ఫోన్ చేశాడు. ఏజీ బీఎస్సీ పూర్తయింది, పీజీలో అగ్రానమీ (పంటల సాగు శాస్త్రం) సీటు వచ్చింది. “అన్నా, సేంద్రియ వ్యవసాయం మీద థీసిస్ చేద్దామనుకుంటున్నా. ఏ టాపిక్ అయితే బాగుంటుంది?” అన్నాడు. “టాపిక్ సంగతి తర్వాత. నీకు ఏ మడి ఇస్తున్నారో కనుక్కున్నావా?” అని అడిగాను. కాసేపు అవతల చప్పుడు లేదు. మడి ఏదైతే ఏంటి అన్నట్టుంది వాడి మౌనం. పీజీలో చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను.

ఈ రంగంలోకి వచ్చే పిల్లలు దాదాపు అందరూ ఒకే తోవలో వస్తారు. ఇంటర్‌లో బైపీసీ, ఆ తర్వాత ఎంట్రన్స్, నాలుగేళ్ల డిగ్రీ. ఆ నాలుగేళ్లలో సేంద్రియ వ్యవసాయ సూత్రాలు అని రెండు క్రెడిట్ల కోర్సు ఒకటి ఉంటుంది. వారానికో క్లాసు, ఓ ప్రాక్టికల్. వర్మీ కంపోస్టు తొట్టి చూపిస్తారు, నీలం డ్రమ్ములో జీవామృతం కలిపిస్తారు, అంతటితో సరి. మనసు మళ్లేది అక్కడ కాదు. చివరి ఏడాది రావెప్ కోసం, అంటే రైతుల దగ్గర పని నేర్చుకోవడానికి, ఊళ్లో ఉన్నప్పుడు ఎవరో ఒక రైతు తన పొలంలోకి తీసుకెళ్లి, గుప్పెడు మట్టి తీసి చేతిలో పెట్టి, వాసన చూడమంటాడు. పక్క చేను మట్టికీ దానికీ తేడా ముక్కుకే తెలిసిపోతుంది. పీజీ అంటూ చేస్తే దీని మీదే చేయాలని అప్పుడు అనిపిస్తుంది.

తీరా పీజీకి వచ్చాక చూస్తే సేంద్రియం ఏ ఒక్క విభాగానిదీ కాదు. అగ్రానమీ వాళ్లు దిగుబడి చూస్తారు. సాయిల్ సైన్స్ వాళ్లు కర్బనం, నత్రజని చూస్తారు. ఎంటమాలజీ వాళ్లు పురుగులు లెక్కపెడతారు, మైక్రోబయాలజీ వాళ్లకు సూక్ష్మజీవులు. రైతు పొలంలో ఇవన్నీ ఒకేసారి జరుగుతుంటాయి, మన థీసిస్‌లో మాత్రం ఒక్కటే పడుతుంది. ఇది కొత్తగా వచ్చిన గొడవేమీ కాదు. ఇండోర్‌లో 1924 నుంచి పరిశోధన నడిపి, కంపోస్టు తయారీకి ఆ ఊరి పేరే వచ్చేలా చేసిన ఆల్బర్ట్ హోవార్డ్ 1940లోనే దీని మీద విరుచుకుపడ్డాడు. వ్యవసాయాన్ని ముక్కలు ముక్కలుగా కోసి, చిన్న మళ్లలో లెక్కలు కడితే పొలం అర్థం కాదన్నది ఆయన వాదన. ఆయన మాటలన్నీ నేను ఒప్పుకోను గానీ, ఈ ఒక్కటీ మాత్రం పీజీ చేసిన ప్రతివాడికీ అనుభవంలోకి వస్తుంది.

సరే, మడి గొడవకి వద్దాం. మన దేశపు సేంద్రియ ప్రమాణాల ప్రకారం (2001లో మొదలైన ఎన్‌పీఓపీ అంటారు) రసాయనాలు మానేసిన రోజు నుంచే పొలం సేంద్రియం అయిపోదు. ఏక వార్షిక పంటలైతే విత్తడానికి ముందు కనీసం రెండేళ్లు, మామిడి, నిమ్మ లాంటి తోటలైతే మొదటి కోతకు ముందు కనీసం మూడేళ్లు మార్పిడి కాలం ఉండాలి. మరి పీజీ ఎంతకాలం? రెండేళ్లు. అందులో మొదటి ఏడాది చాలామటుకు క్లాసులకే పోతుంది. పొలంలో ఉండేది ఒక ఖరీఫ్, మహా అయితే ఇంకో రబీ. నిన్నటిదాకా యూరియా తిన్న మడిని జూన్‌లో ఇస్తారు, జూలైలో దానికి టీ4 (నాలుగో ట్రీట్‌మెంట్) అని బోర్డు కడతాం, డిసెంబర్‌లో కోత కోసి ‘సేంద్రియ పద్ధతిలో దిగుబడి 22 శాతం తగ్గింది’ అనో మరోటో రాసేస్తాం. సర్టిఫికెట్ ఇచ్చేవాడు సేంద్రియం అని ఒప్పుకోని నేల మీద మనం సేంద్రియానికి తీర్పు చెప్పేస్తున్నాం అన్నమాట. కొలిచింది మార్పిడి కాలాన్ని, పేరు పెట్టింది సేంద్రియమని.

ఇదేదో మాటల గారడీ కాదని చెప్పడానికి మధ్యప్రదేశ్‌లోని ఖర్గోన్ జిల్లాలో జరిగిన ప్రయోగం కన్నా మంచి ఉదాహరణ నాకు కనపడలేదు. నల్లరేగడి నేలలు, పత్తి పంట. అంటే మన ఆదిలాబాద్, వరంగల్ రైతులకు కొత్తేమీ కాని వ్యవహారం. స్విట్జర్లాండ్‌కు చెందిన సేంద్రియ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎఫ్‌ఐబీఎల్ అక్కడ 2007లో దీర్ఘకాలిక ప్రయోగం మొదలుపెట్టింది. ఒక ఏడాది పత్తి, మరుసటి ఏడాది సోయాబీన్, గోధుమ. ఇదీ చక్రం. ఒక పక్క రసాయన సేద్యం, బీటీ పత్తితో రసాయన సేద్యం. మరో పక్క రెండు రకాల సేంద్రియ సేద్యం. మొదటి చక్రంలో, అంటే 2007-08లో, సేంద్రియ మళ్లలో పత్తి 29 శాతం, గోధుమ 27 శాతం తగ్గాయి. రెండో చక్రంలో, 2009-10లో, పత్తి, గోధుమ అన్ని మళ్లలోనూ దాదాపు సమానంగా వచ్చాయి. ఖర్చులు పోను మిగిలేది చూస్తే మొదటి చక్రంలో రసాయన సేద్యానిది 29 శాతం పైచేయి, రెండో చక్రంలో సేంద్రియానిది 25 శాతం పైచేయి.

ఇప్పుడు ఇద్దరు విద్యార్థుల్ని ఊహించుకోండి. ఒకడు 2007లో పీజీలో చేరాడు, ఇంకొకడు 2009లో. అదే పొలం, అదే గైడ్. మొదటివాడు సేంద్రియంలో రైతు మునుగుతాడని రాస్తాడు, రెండోవాడు లాభపడతాడని రాస్తాడు. ఇద్దరి లెక్కలూ సరైనవే. పైగా అసలు కిటుకు ఇంకొకటి ఉంది: రెండో చక్రంలో దిగుబడులు సమానం కావడానికి కారణం సేంద్రియ మళ్లు ఎగబాకడం కాదు, రసాయన మళ్లలో దిగుబడి పడిపోవడం. ఈ సంగతి శాతాల పట్టికలో కనపడదు, వెనక్కి వెళ్లి అసలు అంకెలు చూస్తేనే తెలుస్తుంది. ‘సేంద్రియం నాలుగో ఏడాదికి పుంజుకుంది’ అని ఆ ప్రయోగం పేరు చెప్పి ఎవరైనా ఉపన్యాసమిస్తే, సభలో లేచి అడగాల్సిన ప్రశ్న ఇదే.

దిగుబడి పోలికల్లో ఇంకో చిక్కు కూడా ఉంది: దేంతో పోలుస్తున్నాం? 2007లో మిషిగన్ విశ్వవిద్యాలయ బృందం ప్రపంచంలోని ప్రయోగాలన్నీ పోగేసి, వర్ధమాన దేశాల్లో సేంద్రియ దిగుబడి మామూలు దిగుబడికి 1.8 రెట్లు ఉందని తేల్చింది. 2012లో కెనడా బృందం సగటున 25 శాతం తక్కువంది, పంటను, పరిస్థితిని బట్టి 5 నుంచి 34 దాకా. 2015లో అమెరికాలోని బర్క్‌లీ వాళ్లు 19 శాతం తక్కువన్నారు, పంట మార్పిడి, మిశ్రమ పంటలు సరిగ్గా ఉన్నచోట తేడా 8, 9 శాతానికి దిగుతుందన్నారు. ఇంత వ్యత్యాసం ఎందుకొచ్చింది? మొదటి లెక్కలో పోలికకు తీసుకున్న మామూలు సేద్యం చాలాచోట్ల ఎరువూ, నీరూ అంతంతమాత్రంగా దొరికే పేద రైతుది. అక్కడ ఏ ఎరువు వేసినా పంట లేస్తుంది. అనంతపురంలో వానాధారపు వేరుశనగ రైతుతో పోలిస్తే ఒక జవాబు, కృష్ణా డెల్టాలో కాలువ కింద దాళ్వా వరి వేసే రైతుతో పోలిస్తే ఇంకో జవాబు. జూనియర్లకు నేను చెప్పే రెండో మాట ఇది: నీ కంట్రోల్ మడి, అంటే పోలికకు పెట్టుకున్న మడి, ఎవరిది, ఏ ఊరి రైతు అలా చేస్తాడు, అది రాసుకో.

ఎరువు మోతాదు దగ్గరా ఇదే తంటా. థీసిస్‌లలో ‘సిఫారసు నత్రజని నూటికి నూరు శాతం పశువుల ఎరువు ద్వారా’ అని ఒక ట్రీట్‌మెంట్ తప్పకుండా ఉంటుంది. కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. హెక్టారుకు 120 కిలోల నత్రజని అనుకోండి. మన పశువుల ఎరువులో నత్రజని అర శాతం. అంటే హెక్టారుకు 24 టన్నులు, ఎకరాకు పది టన్నులకు కాస్త తక్కువ, నాలుగైదు ట్రాక్టర్ ట్రక్కులు. ఒక్క పంటకు! ఊళ్లో పశువులే తగ్గిపోయిన ఈ రోజుల్లో అంత ఎరువు ఏ రైతు తోలతాడు? ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1843 నుంచి ఒక మడికి ఏటా హెక్టారుకు 35 టన్నుల ఎరువు వేస్తూనే ఉన్నారు, గోధుమ బ్రహ్మాండంగా పండుతోంది. అది పరిశోధన కేంద్రం కాబట్టి చెల్లింది. అంత తోలినా అందులో నత్రజని మొదటి ఏడాదే పంటకు అందదు, మూడో వంతు అందితే గొప్ప. మిగతాది తర్వాతి పంటల ఖాతాలో పడుతుంది, ఆ పంటలు వచ్చేసరికి మన పిల్లవాడు డిగ్రీ పుచ్చుకుని వెళ్లిపోయి ఉంటాడు.

నా సొంత కథ కూడా చెప్పేస్తాను. నా పీజీలో వరి మీద ప్రయోగం. పశువుల ఎరువు, జీవామృతం మాత్రమే వేసిన మళ్లు నాట్లు వేసిన నెల రోజులకి పసుపు తిరిగాయి. పక్కనే యూరియా మడి నల్లగా నిగనిగలాడుతోంది. రోజూ పొద్దున్నే వెళ్లి చూడటం, దిగాలుగా వెనక్కి రావడం. ఉన్నట్టుండి ఒక వారం ఒక మడి పచ్చబడింది. పిలకలు కూడా ఎక్కువే లెక్క తేలాయి. నా ఆనందానికి హద్దు లేదు, జీవామృతం పనిచేసిందని గైడ్‌కి చెప్పి, ఫొటోలు కూడా తీశాను. రెండ్రోజులయ్యాక ఫీల్డులో పనిచేసే పెద్దాయన గట్టు మీద బీడీ ఆర్పేసి మెల్లగా చెప్పాడు: “ఏమనుకోకు బాబూ. పాలిపోయిన పిల్లల్లా ఉంటే చూడలేక నేనే నాలుగు గుప్పెళ్లు యూరియా జల్లాను.” కోపం రాలేదు గానీ కాళ్లలో సత్తువ పోయింది. నలభై ఏళ్లు వరి పండించిన చెయ్యి అది, పసుపు పడ్డ పైరును ఊరికే చూస్తూ ఊరుకోమంటే ఎలా ఊరుకుంటుంది? గైడ్ ఒక్కటే అన్నారు: “ఆ రెప్లికేషన్‌లో దాన్ని మిస్సింగ్ ప్లాట్ కింద రాసి లెక్క కట్టు.” అంటే ఆ మడి అసలు లేనట్టే అనుకోవాలన్నమాట.

ఆ పెద్దాయన సరే, గట్లు కూడా మాట వినవు. వరిలో నీళ్లు పై మడి నుంచి కింది మడికి జారతాయి, వాటితోపాటు కరిగిన యూరియా కూడా. విడి కాలువలు, రెండు వరసల గట్లు, గట్లలో ప్లాస్టిక్ షీటు లేకపోతే కింది మడి సేంద్రియం ఉత్తుత్తిదే. పురుగుల విషయం ఇంకా అన్యాయం. 20 చదరపు మీటర్ల సేంద్రియ మడి చుట్టూ మందు కొట్టిన మళ్లే ఉంటే, చుట్టుపక్కల పైరు రసం పీల్చే దోమంతా తప్పించుకుని వచ్చి వాలేది దాని మీదే. దోమను తినాల్సిన సాలీళ్లు, అక్షింతల పురుగులు మాత్రం పక్క మళ్లలో ఎప్పుడో చచ్చిపోయి ఉంటాయి. 2000ల తొలినాళ్లలో ఖమ్మం జిల్లా పునుకులలో పురుగుమందులు మానేసినప్పుడు రైతులు గట్టెక్కారంటే, ఊరు ఊరంతా కలిసి మానేసింది కాబట్టే. ఊరంత ఫలితాన్ని మడంత చోట చూడాలనుకోవడం అత్యాశ. పునుకులలో గానీ, రసాయనాలు మానేసిన మరో ఊరు ఏనెబావిలో గానీ మార్పు యూనివర్సిటీ నుంచి ఊరికి వెళ్లింది కాదు. స్వచ్ఛంద సంస్థలూ రైతులూ మొదలుపెట్టారు, శాస్త్రం వెనకాల పరిగెత్తుకుంటూ వచ్చింది.

ఇక్కడ పేర్ల గందరగోళం కూడా ఉంది, త్వరగా దాటేద్దాం. పురుగుమందులు లేని సేద్యంలో ఎరువుల మీద పట్టింపు లేదు. సేంద్రియ సేద్యంలో కృత్రిమ ఎరువులు, పురుగుమందులు కూడవు, కంపోస్టు బయటి నుంచి కొని తెచ్చినా ప్రమాణాలకు లోబడితే ఒప్పుకుంటారు. పెట్టుబడి లేని ప్రకృతి సేద్యాన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ పద్ధతిలో వర్మీ కంపోస్టు కూడా పనికిరాదు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయం పాలేకర్ పద్ధతితో మొదలై, తొలకరికి ముందే నవధాన్యాలు పొడి దుక్కిలో చల్లడం లాంటివి చేర్చుకుంటూ తన దారి తాను పట్టింది. సినాప్సిస్‌లో (థీసిస్ ప్రణాళికలో) ఈ నాలుగూ కలగాపులగం చేస్తే సెమినార్‌లో మొదటి ప్రశ్నకే దొరికిపోతాం.

అసలు తలనొప్పి, అందుకే అసలు ఆసక్తి, నత్రజని లెక్కలో ఉంది. ఎకరాకు 30 బస్తాల వరి అంటే రెండుంబావు టన్నుల ధాన్యం. టన్ను ధాన్యం పండాలంటే పైరు 15 నుంచి 20 కిలోల నత్రజని తీసుకుంటుంది. అంటే ఎకరాకు 34 నుంచి 45 కిలోలు, రెండు బస్తాల యూరియాలో ఉండేంత. ఇప్పుడు ఎకరాకు 200 లీటర్ల జీవామృతం తీసుకోండి. పేడ పది కిలోలు, మూత్రం పది లీటర్లు, బెల్లం రెండు కిలోలు, పప్పుల పిండి రెండు కిలోలు, గుప్పెడు మట్టి. ఇందులో నత్రజని ఎంతుందో విడివిడిగా లెక్కేసి కూడితే పావు కిలో దాటదు. పంటకాలంలో ఏడెనిమిది సార్లు ఇచ్చినా రెండు కిలోలు. ఘన జీవామృతం (దాని గట్టి రూపం) ఎకరాకు 400 కిలోలు వేస్తే ఇంకో నాలుగైదు. మరి మిగతా ముప్పై కిలోలు ఎక్కడివి?

ఈ ప్రశ్న అడిగితే ప్రకృతి సేద్యం చేసే రైతు నవ్వుతాడు. “జీవామృతం పాలు కాదండీ, తోడు” అంటాడు. చెంచాడు మజ్జిగ గిన్నెడు పాలను పెరుగు చేసినట్టు, జీవామృతంలోని సూక్ష్మజీవులు నేలలో ఉన్నదాన్ని పంటకు అందేలా చేస్తాయని. ఈ పోలిక నాకు నచ్చుతుంది, ఎందుకంటే చిక్కు కూడా అందులోనే ఉంది. తోడు ఎంత మంచిదైనా గిన్నెలో పాలుండాలి కదా. ఆ పాలు ఎన్నో చూద్దాం. ఎకరం పైమట్టి, 15 సెంటీమీటర్ల లోతు, సుమారు 900 టన్నులు. కర్బనం అర శాతం ఉంటే నాలుగున్నర టన్నులు, దానితో ముడిపడిన నత్రజని 400 కిలోల చిల్లర. ఇందులో ఏటా రెండు మూడు శాతం కరుగుతుంది, అంటే ఎనిమిది నుంచి పన్నెండు కిలోలు. వరి నీళ్లలో పెరిగే నీలి ఆకుపచ్చ నాచు కొంత, పచ్చిరొట్ట ఎరువుగా పెంచి పూతకు ముందే కలియదున్నిన జీలుగ ఇరవై ముప్పై కిలోల దాకా. ఇలా పోగేస్తే కొన్ని పొలాల్లో లెక్క కుదురుతుంది. జీలుగా వేయక, పశువుల ఎరువూ లేక, తోడు ఒక్కటే పోసిన పొలంలో కుదరదు, అక్కడ ఏటా పాలు తగ్గుతూ వస్తాయి. 2020లో వచ్చిన ఒక అధ్యయనం ఈ పద్ధతిలో పంటకు అందగల నత్రజని, దేశంలో రైతులు సగటున వేసే దాంట్లో 52 నుంచి 80 శాతం మాత్రమే ఉంటుందని అంచనా కట్టింది. రీడింగ్ విశ్వవిద్యాలయం వాళ్లేమో ఆంధ్రప్రదేశ్ రైతుల పొలాల్లోనే ప్రకృతి, సేంద్రియ, రసాయన పద్ధతులు పక్కపక్కన వేసి కొలిచి, ప్రకృతి సేద్యానికి అనుకూలమైన ఫలితాలు చూపించారు. ఒకటి కాగితం మీద అంచనా, ఇంకొకటి పొలంలో కొలత. రెంటికీ మధ్య ఉన్న ఆ ఖాళీలోనే పది పీహెచ్‌డీలకు సరిపడా పని ఉందని నా నమ్మకం. నత్రజని-15 ఐసోటోప్‌తో (మామూలు నత్రజని కన్నా కాస్త బరువైన రూపంతో) గుర్తు పెడితే గింజలోకి చేరిన నత్రజనిలో ఎంత ఎక్కడిదో తెలుస్తుంది. ఖర్చుతో కూడిన పనే, కానీ వాదించుకోవడం కన్నా నయం.

ఇంతకీ రెండేళ్లలో చేయగలిగినవి లేవా అంటే, ఉన్నాయి. నేల కర్బనం పెరిగిందని చూపించే పని మాత్రం పెట్టుకోవద్దు. కర్బనం 0.1 శాతం పెరగాలంటే ఎకరం మట్టిలో దాదాపు 900 కిలోల కర్బనం నికరంగా నిలవాలి, ఎరువులో వేసినదాంట్లో ఎక్కువ భాగం గాలిలో కలిసిపోతుంది. ఒక్క పంటలో వచ్చే తేడా మన శాంపిళ్ల మధ్య ఉండే తేడాలోనే మునిగిపోతుంది. త్వరగా కదిలేవి వేరే ఉన్నాయి: సూక్ష్మజీవుల కర్బనం, ఎంజైములు, వానపాములు. డీహైడ్రోజినేజ్ పరీక్ష నాకు ఇప్పటికీ ఇష్టం. మట్టిలో రంగులేని ద్రావణం పోసి 37 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచితే, ప్రాణమున్న మట్టి దాన్ని ఎర్రగా మారుస్తుంది. వరసగా పెట్టిన పరీక్షనాళికల్లో లేత గులాబీ నుంచి దానిమ్మ రసం రంగు దాకా తేలితే, ఏ మడి ఏదో లేబుల్ చూడకుండా చెప్పొచ్చు.

ఇంకా మంచి దారి, ఎవరో ఇరవై ఏళ్ల క్రితం మొదలుపెట్టిన ప్రయోగంలో చేరిపోవడం. స్విట్జర్లాండ్‌లో బాసెల్ పక్కన 1978లో వేసిన మళ్లు ఇప్పటికీ నడుస్తున్నాయి. 21 ఏళ్ల లెక్కల్లో అక్కడ దిగుబడి 20 శాతం తగ్గిందని, పురుగుమందులు 97 శాతం తగ్గాయని 2002లో ప్రకటించారు. అంత దూరం పోనక్కర్లేదు. ఉత్తరప్రదేశ్‌లోని మోదీపురం కేంద్రంగా భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) వారి సేంద్రియ సేద్యం నెట్‌వర్క్ 2004-05 నుంచి నడుస్తోంది, ధార్వాడ, కోయంబత్తూరు మనకు దగ్గరే. అక్కడి మడిలో రెండేళ్లు పనిచేసినా, ఆ రెండేళ్ల వెనక పదిహేను, ఇరవై ఏళ్ల చరిత్ర ఉంటుంది. అదీ కుదరకపోతే పదేళ్లుగా చేస్తున్న రైతు పొలాన్నీ, గట్టుకు అవతల అదే నేల, అదే నీరు ఉన్న రసాయన రైతు పొలాన్నీ జతలుగా తీసుకుని, అలాంటి పదిహేను జతలు కొలవొచ్చు. గైడ్లు కొందరు ‘ఆర్‌బీడీ లేదు, రాండమైజేషన్ లేదు’ అని, అంటే ఏ మడికి ఏ పద్ధతో చీటీలు వేసి తేల్చలేదని, ముఖం చిట్లిస్తారు. ఆ అభ్యంతరంలో న్యాయం లేకపోలేదు, సేంద్రియానికి మారిన రైతు మొదటి నుంచీ మంచి రైతే కావచ్చు. అయినా ఒక్క సీజన్ ఆర్‌బీడీ కన్నా ఇది నిజానికి దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం.

ఇవన్నీ ఫోన్‌లో చెప్పలేక మా జూనియర్‌కి ఒక్క పని అప్పగించాను: ఫారం ఆఫీసుకు వెళ్లి, నీకిచ్చే మడికి పాత రిజిస్టర్ ఉంటే తీయించు. వారం తర్వాత వాట్సాప్‌లో ఫొటో పంపాడు. అంచులు చెదలు తిన్న కాగితం, నీలం సిరా. ఏడేళ్లుగా ఏటా జీలుగ, పశువుల ఎరువు, మళ్లీ జీలుగ. ఎవరో సీనియర్ మొదలుపెట్టి వదిలేసిన మడి, మనవాడి అదృష్టం. మధ్యలో ఒక ఏడాది మాత్రం వేరే చేతిరాతతో ఒక లైను: ‘యూరియా, అర బస్తా’. సంతకం లేదు.

“ఇది లెక్కలోకి వస్తుందా అన్నా?” అని అడిగాడు.

“నాలుగేళ్లు దాటింది కదా, సర్టిఫికెట్ వాళ్లయితే పట్టించుకోరు. నువ్వు మాత్రం థీసిస్‌లో రాయి” అని జవాబు పెట్టాను.